/బూట్ నిండిపోయి కెర్నల్ అప్‌డేట్ మధ్యలో ఆగింది, ఇప్పుడు రీస్టార్ట్ చేయొచ్చా?

నీలితెర రాశారు:
అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. ఇంతకు ముందు వేరేవాళ్ళు వాడిన మెషిన్, నా చేతికి ఈమధ్యే వచ్చింది. ఇవాళ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ పెడితే చివర్లో వరసగా ఎర్రర్లు వచ్చి ఆగిపోయింది. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంటోంది. దాని కింద అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ 5.15.0-101 అనే కొత్త కెర్నల్ వెర్షన్‌కి ఫెయిల్ అయిందని ఉంది.

నాకు అర్థం కానిది ఒకటుంది. 'డీఎఫ్ -హెచ్' (ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) కొడితే /బూట్ (మెషిన్ లేవడానికి కావాల్సిన ఫైళ్ళుండే చిన్న పార్టిషన్, అంటే డిస్క్‌లో విడి భాగం) మొత్తం 705 ఎంబీ, వాడింది 584, ఖాళీ 85 అని చూపిస్తోంది. అంటే 88 శాతమే. 85 ఎంబీ ఖాళీ ఉంటే స్థలం లేదని ఎందుకంటోంది? మెయిన్ డిస్క్‌లో సగానికి పైగా ఖాళీయే. మెషిన్ ఇంకా ఆన్‌లోనే ఉంది, ఆఫ్ చేయాలంటే భయంగా ఉంది. రీస్టార్ట్ చేయొచ్చా?

రూట్_షెల్ రాశారు:
ఇది మామూలేనండి, టెన్షన్ పడకండి. /బూట్‌లోకి వెళ్ళి పాత నంబర్లున్న ఫైళ్ళని 'ఆర్ఎమ్' (ఫైల్ చెరిపే కమాండ్) కొట్టేయండి, మళ్ళీ అప్‌డేట్ పెట్టండి. రెండు నిమిషాల పని.

పాతకెర్నల్ రాశారు:
నీలితెర గారూ, ముందు ఈ ఒక్క మాట వినండి. రీస్టార్ట్ చేయకండి. ఆర్ఎమ్ కూడా కొట్టకండి.

ఎందుకో చెప్తాను. మీ మెషిన్‌లో 101 కెర్నల్ ఫైల్ అయితే వచ్చేసింది, దాని ఇనిట్‌ఆర్‌డీ తయారు కాలేదు. ఇనిట్‌ఆర్‌డీ అంటే మెషిన్ లేచేటప్పుడు కెర్నల్‌కి ముందుగా కావాల్సిన డ్రైవర్ల మూట, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్నా అదే. మెషిన్ ఆన్ అయినప్పుడు డిస్క్ తాళం తీయడానికి పాస్‌వర్డ్ అడిగేది ఆ ఇనిట్‌ఆర్‌డీయే. అది లేకుండా 101 బూట్ అయితే రూట్ పార్టిషన్ (సిస్టమ్ అంతా ఉండే చోటు) దొరక్క కెర్నల్ పానిక్ వస్తుంది, అంటే అక్కడే ఆగిపోతుంది. గ్రబ్ మెనూలో (ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే తెర) 101 చేరిందో లేదో ఇక్కణ్ణించి చెప్పలేం. కాబట్టి ఇది సర్దుకునేదాకా ఆన్‌లోనే ఉంచండి, ఛార్జర్ పెట్టి ఉంచండి. పొరపాటున ఆఫ్ అయినా కంగారు వద్దు. గ్రబ్‌లో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్ళి పాత కెర్నల్ ఎంచుకుంటే లేస్తుంది.

ఇక 85 ఎంబీ సంగతి. ఒక్కో ఇనిట్‌ఆర్‌డీ ఎంత ఉందో 'ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్' కొట్టి చూడండి. 85 కంటే చాలా పెద్దదే అయి ఉంటుంది. రాస్తూ రాస్తూ స్థలం అయిపోతే, సగం రాసిన ఫైల్‌ని ఆ ప్రోగ్రామే తుడిచేసి బయటికొస్తుంది. ఆ తర్వాత మీరు డీఎఫ్ కొట్టారు కాబట్టి ఖాళీ కనిపిస్తోంది. ఎర్రర్ అబద్ధం కాదు, డీఎఫ్ కూడా అబద్ధం కాదు.

ఆ లిస్టు, 'యూనేమ్ -ఆర్' (నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపేది) ఏం చెప్తోందో, రెండూ ఇక్కడ పెట్టండి.

నీలితెర రాశారు:
చాలా థాంక్స్ అండి, ఛార్జర్ పెట్టాను. యూనేమ్ -ఆర్ 5.15.0-97-జెనెరిక్ అంటోంది.

/బూట్‌లో 91, 94, 97 ఈ మూడిటికీ ఇనిట్‌ఆర్‌డీ ఉంది, ఒక్కొక్కటి 168 ఎంబీ. వీఎమ్‌లినజ్ (కెర్నల్) ఫైళ్ళు నాలుగు, ఒక్కొక్కటి 11 ఎంబీ. సిస్టమ్.మ్యాప్ ఫైళ్ళు నాలుగు, తలా 6 ఎంబీ. కాన్ఫిగ్ ఫైళ్ళు చిన్నవి. ఇవి కాక గ్రబ్ ఫోల్డర్. మీరన్నట్టే 101కి ఇనిట్‌ఆర్‌డీ లేదు.

'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్' (అక్కర్లేని ప్యాకేజీలు తీసే కమాండ్) కూడా కొట్టి చూశాను. తీసేయడానికి ఏమీ లేదు, 0 ప్యాకేజీలు అంది. మళ్ళీ అదే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది.

రూట్_షెల్ రాశారు:
చూశారా, ఆటోరిమూవ్ పని చేయలేదు. అందుకే ఆర్ఎమ్ అన్నాను. 91 ఇనిట్‌ఆర్‌డీ ఒక్కటి తీస్తే 168 ఎంబీ వస్తుంది కదా?

పాతకెర్నల్ రాశారు:
వస్తుంది. కానీ 91 కెర్నల్ ప్యాకేజీ ఇంకా ఉందనే డీపీకేజీ (ఆప్ట్ కింద పనిచేసే ప్యాకేజీ మేనేజర్) లెక్కలో ఉంటుంది. గ్రబ్ మెనూలో 91 పేరు అలాగే ఉంటుంది, నొక్కితే బూట్ కాదు. పైగా ఏ రోజో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్' నడిచిందంటే మీరు తీసేసిన ఫైల్ మళ్ళీ పుట్టుకొస్తుంది. ప్యాకేజీ మేనేజర్ పెట్టినవి దాని చేతే తీయించాలి. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను. చేత్తో ఫైళ్ళు తీసి 97 స్థానంలో 91 మిగుల్చుకున్నవాళ్ళని, అంటే నడుస్తున్న కెర్నల్‌నే తుడిచేసినవాళ్ళని, ఇదే వేదికలో ఎన్నోసార్లు చూశాం.

నీలితెర గారూ, ఆటోరిమూవ్ ఎందుకు వదిలేసిందో తెలియాలంటే 'ఆప్ట్-మార్క్ షోమాన్యువల్' కొట్టి, అందులో లినక్స్-ఇమేజ్ అని ఉన్న పేర్లు చూడండి.

నీలితెర రాశారు:
ఉన్నాయండి. లినక్స్-ఇమేజ్-5.15.0-91-జెనెరిక్, లినక్స్-ఇమేజ్-5.15.0-94-జెనెరిక్ రెండూ ఆ లిస్టులో ఉన్నాయి. వాటి మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా (అదనపు డ్రైవర్ల ప్యాకేజీ) కూడా. 97, 101 లేవు.

పాతకెర్నల్ రాశారు:
దొరికింది. ఇదీ అసలు కారణం.

కెర్నల్ మామూలుగా 'లినక్స్-జెనెరిక్' అనే మెటా ప్యాకేజీ (వేరే ప్యాకేజీలని వెంట తెచ్చేది) వెనకాల వస్తుంది. అలా వచ్చినవాటికి 'ఆటో' గుర్తు ఉంటుంది. నడుస్తున్నదాన్నీ, కొత్తవాటినీ కాపాడుకుని, మిగిలినవాటిని ఆటోరిమూవ్ తీసేస్తుంది. ఎవరైనా వెర్షన్ నంబర్‌తో సహా పేరు టైప్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం 'మాన్యువల్' గుర్తు పడుతుంది. ఇది మనిషి కావాలని అడిగి పెట్టుకున్నది అనుకుని ఆప్ట్ దాని జోలికి పోదు. మీకంటే ముందు వాడినవాళ్ళు 91, 94లని అలా పెట్టి ఉంటారు.

ఇప్పుడు 91ని పేరు పెట్టి తీయాలి: 'సుడో ఆప్ట్ పర్జ్ లినక్స్-ఇమేజ్-5.15.0-91-జెనెరిక్ లినక్స్-మాడ్యూల్స్-5.15.0-91-జెనెరిక్ లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-5.15.0-91-జెనెరిక్'. ఎంటర్ కొట్టేముందు ఆప్ట్ చూపించే జాబితా చివరిదాకా చదవండి. 97 అనే అంకె కానీ, లినక్స్-జెనెరిక్ అనే పేరు కానీ తీసేసే జాబితాలో కనిపిస్తే 'ఎన్' కొట్టి ఇక్కడికి రండి.

నీలితెర రాశారు:
ఆప్ట్ ఒప్పుకోవడం లేదు. అన్‌మెట్ డిపెండెన్సీస్ అంటూ 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' చేయమంటోంది. అది చేస్తే మళ్ళీ స్థలం లేదంటోంది. ఇది ఎటూ కదలడం లేదు.

సర్వర్_కాపలా రాశారు:
పాతకెర్నల్ గారు లేనట్టున్నారు, నేను అందుకుంటాను. ఇలాంటప్పుడు ఆప్ట్‌ని పక్కన పెట్టి డీపీకేజీతో తీయాలి. ఆప్ట్ మొత్తం లెక్క సరిపోతేనే కదులుతుంది. డీపీకేజీ మనం చెప్పిన ప్యాకేజీల వరకే చూస్తుంది.

'సుడో డీపీకేజీ --పర్జ్' అని, పక్కనే పైన ఇచ్చిన మూడు పేర్లూ ఒకే లైన్‌లో ఇవ్వండి. విడివిడిగా ఇస్తే మొరాయిస్తుంది. మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ఇమేజ్ మీద ఆధారపడుతుంది, ఇమేజ్ మాడ్యూల్స్ మీద ఆధారపడుతుంది. కాబట్టి ఇమేజ్ ఒక్కటే తీయమంటే ఎక్స్‌ట్రా అడ్డం పడుతుంది. మూడూ కలిపి ఇస్తే ఏది ముందు తీయాలో అదే సర్దుకుంటుంది.

తర్వాత 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ'. ఇది సగంలో ఆగిన 101ని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ తర్వాత 'సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్'. మీకు 85 ఖాళీ ఉంది, 91 పోతే ఇంకో 185 వస్తుంది. 168 ఎంబీ ఫైల్‌కి అది చాలు.

మెటా_మనిషి రాశారు:
ఒక సులువు ఉంది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో 5 శాతం బ్లాకులు రిజర్వ్‌లో ఉంటాయి. 'ట్యూన్2ఎఫ్ఎస్ -ఎమ్ 0' కొడితే అవి విడుదలవుతాయి. ఏదీ తీసే పని ఉండదు.

సర్వర్_కాపలా రాశారు:
ఇక్కడ అది పనికి రాదండి. ఆ 5 శాతం రూట్ యూజర్ (పూర్తి అధికారాలున్న ఖాతా) కోసమే దాచిపెట్టినది. అప్‌డేట్ నడిచేది రూట్‌గానే కాబట్టి ఆ బ్లాకులు ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి. అవి కలుపుకున్నా 168 చేరలేదు, అందుకే ఆగింది. డీఎఫ్‌లో అంకె పెరిగి కనిపిస్తుంది తప్ప, ఇనిట్‌ఆర్‌డీకి ఒక్క ఎంబీ కూడా అదనంగా దొరకదు.

నీలితెర రాశారు:
డీపీకేజీతో మూడూ పోయాయి! పోతూ పోతూ గ్రబ్ మెనూ కూడా అదే అప్‌డేట్ చేసుకుంది. కాన్ఫిగర్ -ఏ నడిచింది, 101కి ఇనిట్‌ఆర్‌డీ తయారైంది, ఎర్రర్ ఏమీ రాలేదు. ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్ కూడా చేయడానికేమీ లేదంది. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను, ఇందులో నా పని చాలా ఉంది.

ఇప్పుడు 94 కూడా తీసేయాలా, ఉంచాలా?

నిశాచరి రాశారు:
ఉంచండి. పాతది ఒకటి చేతిలో ఉండడం ఎప్పుడూ మంచిది. కొత్త కెర్నల్‌లో వైఫైయో, గ్రాఫిక్సో పోతే వెనక్కి వెళ్ళడానికి దారి ఉండాలి కదా.

సర్వర్_కాపలా రాశారు:
నిశాచరి గారి మాట నిజమే కానీ, ఆ వెనక్కి వెళ్ళే దారి ఇక్కడ 97. అది ఇప్పుడు నడుస్తోంది, అంటే పని చేస్తుందని కళ్ళముందే రుజువుంది. 94 అంతకంటే పాతది. 705 ఎంబీ పార్టిషన్‌లో 185 ఎంబీల కెర్నల్‌లు మూడు ఉంటే, నాలుగోది వచ్చిన రోజు మళ్ళీ ఇదే కథ.

ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉన్న ఇనిట్‌ఆర్‌డీని తిరిగి తయారు చేసినప్పుడు కూడా పాతదాన్ని ముందే చెరపదు. పక్కన '.న్యూ' అనే పేరుతో పూర్తిగా రాసి, అది సరిగ్గా వచ్చాకే పాతదాని స్థానంలో పెడుతుంది. కొత్త ఇంట్లో సామాను సర్దుకున్నాకే పాత ఇల్లు ఖాళీ చేసినట్టు. అది మన క్షేమం కోసమే, కానీ ఎప్పుడూ ఒక ఇనిట్‌ఆర్‌డీ అంత ఖాళీ అదనంగా ఉండాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినా, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) అప్‌డేట్ అయినా ఈ పని జరుగుతుంది.

నా సలహా: ముందు రీస్టార్ట్ చేసి 101లో ఒకసారి లేవండి. వైఫై, సౌండ్, స్లీప్ అన్నీ చూసుకోండి. తర్వాత 94కి 'ఆప్ట్-మార్క్ ఆటో' గుర్తు పెట్టి ఆటోరిమూవ్ కొట్టండి.

పాతకెర్నల్ రాశారు:
సర్వర్_కాపలా గారు చెప్పిన వరసే సరైనది. ఆటో గుర్తు ఇమేజ్‌కి ఒక్కదానికే కాదు, మాడ్యూల్స్-ఎక్స్‌ట్రాకి కూడా పెట్టండి. లేకపోతే దాని కోసం ఇమేజ్‌ని ఉంచేస్తుంది.

మీ ఇనిట్‌ఆర్‌డీ 168 ఎంబీ ఉండడం నాకు కాస్త ఎక్కువే అనిపిస్తోంది. ఎన్విడియా కార్డు ఉందా?

నీలితెర రాశారు:
అవునండి, ఎన్విడియానే. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

పాతకెర్నల్ రాశారు:
'ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -ఎల్' తర్వాత ఆ ఇనిట్‌ఆర్‌డీ పూర్తి పేరు ఇచ్చి, 'పైప్ సార్ట్ -కే5 -ఎన్ పైప్ టెయిల్' కొట్టండి. లోపల ఉన్న పెద్ద ఫైళ్ళు చివర్లో కనిపిస్తాయి. ఎన్విడియా మాడ్యూల్ ఒక్కటే పదుల ఎంబీలు ఉంటుంది. దాని తర్వాత ఫర్మ్‌వేర్ ఫైళ్ళు కనిపిస్తాయి. ఏటేటా /బూట్ ఇరుకైపోతున్నది వీటివల్లే. కెర్నల్ ఫైల్ 11 ఎంబీ దగ్గరే ఉంది, బరువంతా ఇనిట్‌ఆర్‌డీలో చేరింది. కొన్నేళ్ళ కిందట ఇన్‌స్టాలర్ కేటాయించిన సైజు అప్పటికి సరిపోయింది.

రూట్_షెల్ రాశారు:
సైజు తగ్గించాలంటే /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ లోపల ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్‌లో మాడ్యూల్స్=మోస్ట్ అని ఉన్నదాన్ని మాడ్యూల్స్=డెప్ చేయొచ్చు. నా మెషిన్‌లో సగానికి పైగా తగ్గింది. ఈ సలహా గట్టిగా ఇవ్వగలను, చాలాకాలంగా అలాగే వాడుతున్నాను.

సర్వర్_కాపలా రాశారు:
అది మంచి సలహానే, షరతుతో. 'మోస్ట్' అంటే ఏ మెషిన్‌లో పెట్టినా లేచేలా దాదాపు అన్ని డిస్క్ డ్రైవర్లూ లోపల పెడుతుంది. 'డెప్' అంటే ఇప్పుడు ఈ మెషిన్‌కి కావాల్సినవే పెడుతుంది. రేపు ఆ డిస్క్ తీసి వేరే మెషిన్‌లో పెడితే లేవకపోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మార్చేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. ఫైల్ మార్చాక 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే' పక్కన 101 వెర్షన్ మాత్రమే ఇవ్వండి. 97 ఇనిట్‌ఆర్‌డీ 'మోస్ట్'తో తయారైనది, దాన్ని ముట్టుకోకండి. 101 లేవకపోతే గ్రబ్‌లో 97 ఎంచుకుని లోపలికొచ్చి సరిచేసుకోవచ్చు. 'ఆల్' ఇచ్చారంటే రెండూ ఒకేసారి మారిపోతాయి.

కంప్రెషన్ మార్చడం ఇంకో దారి. 22.04లో జెడ్‌ఎస్‌టీడీ అనే పద్ధతి వస్తుంది. కంప్రెస్=ఎక్స్‌జెడ్ పెడితే ఫైల్ ఇంకా చిన్నదవుతుంది కానీ తయారవడానికీ, బూట్‌లో విప్పడానికీ ఎక్కువ సమయం పడుతుంది. మరీ ఇరుకైతే తప్ప నేను సూచించను.

టోపీ_ఎర్రది రాశారు:
ఈ చర్చలోనే అడిగేస్తాను, ఏమనుకోకండి. నాది ఫెడోరా. /బూట్ 1 జీబీ ఉన్నా నిండడానికి వచ్చింది. ఇక్కడ ఆటోరిమూవ్ కెర్నల్‌లని తీయడం లేదు.

పాతకెర్నల్ రాశారు:
ఫెడోరాలో లెక్క వేరు. అక్కడ ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్. /ఈటీసీ/డీఎన్‌ఎఫ్/డీఎన్‌ఎఫ్.కాన్ఫ్‌లో పెట్టుకునే 'ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్' అనే హద్దు మామూలుగా 3. నాలుగోది వస్తే అన్నిటికంటే పాతది దానంతటదే పోతుంది. దాన్ని 2 చేయొచ్చు, 1 పెట్టడానికి ఒప్పుకోదు. ఇప్పటికిప్పుడు ఖాళీ కావాలంటే 'సుడో డీఎన్‌ఎఫ్ రిమూవ్ --ఓల్డ్‌ఇన్‌స్టాల్‌ఓన్లీ' కొట్టండి. నడుస్తున్న కెర్నల్ జోలికి అది పోదు.

మీ /బూట్‌లో '0-రెస్క్యూ' అని పేరున్న ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ చూడండి. అన్నిటికంటే పెద్దది అదే అయి ఉంటుంది, ఎందుకంటే ఏ హార్డ్‌వేర్‌లోనైనా లేచేలా అన్నీ కూరి చేస్తారు. చేతిలో లైవ్ యూఎస్‌బీ ఉంటే అది లేకపోయినా నడుస్తుంది. తీసేస్తే మాత్రం తర్వాతి కెర్నల్‌తో మళ్ళీ తయారవుతుంది. రాకూడదంటే డ్రాకట్ (ఫెడోరాలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారు చేసేది) సెట్టింగ్‌లో 'డ్రాకట్_రెస్క్యూ_ఇమేజ్' విలువ 'నో' అని పెట్టాలి.

ఆర్చ్_బాట రాశారు:
ఆర్చ్ వాళ్ళ కోసం ఒక్క మాట. మన దగ్గర పాత కెర్నల్‌లు పోగవవు, కొత్తది పాతదాని మీదే రాస్తుంది. ఫాల్‌బ్యాక్ ఇమేజ్ (అన్ని డ్రైవర్లూ ఉన్న అదనపు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్) ఉంటే నింపేది అదే. /ఈటీసీ/ఎమ్‌కేఇనిట్‌సీపీఐఓ.డీలో లినక్స్.ప్రీసెట్ తెరిచి, ప్రీసెట్స్ వరసలోంచి 'ఫాల్‌బ్యాక్' తీసేసి, ఆ ఫైల్ చెరిపేస్తే చాలు. లైవ్ యూఎస్‌బీ దగ్గర ఉంచుకోండి.

మెటా_మనిషి రాశారు:
ఇవన్నీ సరే, పార్టిషన్‌నే పెద్దది చేసేస్తే గొడవ వదులుతుంది కదా? జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్)తో ఎంతసేపు?

సర్వర్_కాపలా రాశారు:
ఎన్‌క్రిప్షన్ లేని మెషిన్ అయితే అసలు విడిగా /బూట్ ఉండాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. /బూట్‌లో ఉన్నవన్నీ రూట్ పార్టిషన్‌లోకి కాపీ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ తగలాలో చెప్పే ఫైల్) /బూట్ లైన్ తీసేసి, గ్రబ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, మెనూ తయారు చేసుకుంటే అయిపోతుంది.

నీలితెర గారిది అలా కాదు. డిస్క్‌లో వరస ఇలా ఉంటుంది: ముందు ఈఎఫ్ఐ (మెషిన్ ఆన్ కాగానే మొదట చూసే పార్టిషన్), తర్వాత /బూట్, ఆ తర్వాత లక్స్ (ఎన్‌క్రిప్షన్ పొర), దాని లోపల ఎల్‌వీఎం (చోటుని భాగాలుగా పంచే పొర), దాని లోపల అసలు ఫైల్‌సిస్టమ్. /బూట్‌ని పెంచాలంటే లోపలి నుంచి బయటికి ఒక్కొక్క పొరా కుదించి, చివరికి లక్స్ పార్టిషన్ మొత్తాన్నీ కుడివైపు జరపాలి. గంటల తరబడి నడిచే పని. మధ్యలో కరెంటు పోతే డేటా దక్కదు. బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్ళకండి. బ్యాకప్ ఎలాగూ తీశారంటే, 1 నుంచి 2 జీబీ /బూట్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే తేలిక.

నీలితెర రాశారు:
రీస్టార్ట్ చేశాను. 101లోనే లేచింది, పాస్‌వర్డ్ అడిగింది, వైఫై, సౌండ్, స్లీప్ అన్నీ బాగున్నాయి. 94 ప్యాకేజీలకి ఆటో గుర్తు పెట్టి ఆటోరిమూవ్ కొడితే ఈసారి అవి జాబితాలో వచ్చాయి, తీసేసింది. ఇప్పుడు /బూట్‌లో వాడింది 382, ఖాళీ 287 ఎంబీ, 58 శాతం.

మాడ్యూల్స్ సెట్టింగ్ ముట్టుకోలేదు. ఈ ఖాళీ ఉంటే అవసరం లేదనిపించింది. సరేనా?

పాతకెర్నల్ రాశారు:
సరైన నిర్ణయం. 287లో కొత్త కెర్నల్ ఒకటి పూర్తిగా పడుతుంది. అది వచ్చి, మీరు దానిలో లేచాక, ఆటోరిమూవ్ పాతదాన్ని తీస్తుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు వాడుతుంటే /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డీలో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఫైల్ తెరిచి, 'రిమూవ్-అన్‌యూజ్డ్-కెర్నల్-ప్యాకేజెస్' విలువ ట్రూ అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఇకమీదట కెర్నల్‌ని నంబర్‌తో పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేయకండి, లినక్స్-జెనెరిక్ ద్వారానే రానివ్వండి.

వానచినుకు రాశారు:
ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చాను. నా దగ్గర డీపీకేజీ పర్జ్ కూడా మధ్యలో ఆగుతోంది. /బూట్‌లో ఖాళీ 0 అని చూపిస్తోంది, ఒక్క బైటు కూడా లేదు. గ్రబ్ మెనూ రాసుకోవడానికే చోటు లేదనుకుంటా.

సర్వర్_కాపలా రాశారు:
ఆ ఒక్క సందర్భంలో ఫైల్‌ని చేత్తో కదపాలి. అప్పుడు కూడా చెరపకండి, జరపండి. ముందు యూనేమ్ -ఆర్ చూసి, అది కాని కెర్నల్‌లలో అన్నిటికంటే పాతదాని ఇనిట్‌ఆర్‌డీని 'ఎమ్‌వీ'తో /రూట్ ఫోల్డర్‌లోకి పంపండి. అది మెయిన్ డిస్క్‌లో ఉంటుంది, అక్కడ చోటుకి కొదవ లేదు. వెంటనే అదే వెర్షన్ ప్యాకేజీలని డీపీకేజీతో పర్జ్ చేయండి, తర్వాత కాన్ఫిగర్ -ఏ. అంతా సర్దుకుని, ఒకసారి రీస్టార్ట్ అయి లేచాక, /రూట్‌లో పెట్టిన ఫైల్‌ని చెరిపేయొచ్చు.

కదిపే ముందు 'ఫైండ్‌మౌంట్ /బూట్', డీఎఫ్ రెండూ చూసి నిండింది /బూట్‌నా, /బూట్/ఈఎఫ్ఐనా అన్నది తేల్చుకోండి. రెండూ వేరు పార్టిషన్లు. ఈఎఫ్ఐ నిండితే ఈ కెర్నల్ పర్జ్ వల్ల ఉపయోగం లేదు, దాంట్లో ఏముందో విడిగా చూడాలి.

వానచినుకు రాశారు:
/బూట్‌నే అండి, ఈఎఫ్ఐలో బోలెడు ఖాళీ ఉంది. పాత ఇనిట్‌ఆర్‌డీని /రూట్‌లోకి జరిపాక పర్జ్ పూర్తిగా నడిచింది, కాన్ఫిగర్ కూడా అయింది. ఇక్కడ కూడా షోమాన్యువల్‌లో పాత కెర్నల్‌లు మూడు కనిపించాయి, ఆటో గుర్తు పెడుతున్నాను.